బంతి అందరి దగ్గరికీ వెళ్లాలి

 

ఫుట్‌బాల్ గురించి హాస్టల్ వార్డెన్లకేం తెలుసని మీలో కొందరు అనుకోవచ్చు. మేం కోచ్‌లం కాదు, నిజమే. కానీ సాయంత్రం బడి వదిలాక చీకటి పడేదాకా బంతి ఎవరి కాళ్ల దగ్గర తిరుగుతోందో రోజూ చూసేది మేమే. పాడేరు, అరకు, చింతపల్లి వైపు నుంచి విశాఖ వచ్చిన పిల్లలు మొదట్లో తమ ఊరివాళ్లకే పాస్ ఇస్తారు. కువి మాట్లాడేవాళ్లు ఒక పక్క, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్లు ఇంకో పక్క. నోరు విప్పని పిల్లకు బంతే రాదు. ఆటలో బంతి రాని పిల్ల అన్నం దగ్గర కూడా చివరన కూర్చుంటుంది. పండక్కి ఊరెళ్లి, చదువుకు తిరిగి రాని పిల్లల్లో ఇలాంటివాళ్లు మాకు కనిపిస్తుంటారు. అందుకే పాస్ నేర్పడం మాకు పెద్ద పనే.

సెలవుల్లో ఊళ్లో, ఆదివారాలు హాస్టల్లో ఈ పని మీరు చేయగలరు. ఎలాగో చెబుతాం.

పన్నెండేళ్ల లోపు పిల్లలకు 4వ నంబరు బంతి, పై వాళ్లకు 5వ నంబరు బంతి చాలు. గాజుపెంకులు, రాళ్లు ఏరేసి, ముగ్గుపిండితో గీతలు గీయండి. బీచ్‌లో పొడి ఇసుక మీద బంతి దొర్లదు, పాస్ నేర్చుకోవడానికి గట్టి నేలే మేలు.

మొదట ఇద్దరిద్దరిని ఐదారడుగుల దూరంలో నిలబెట్టండి. ఆనుకున్న కాలు బంతి పక్కన ఉండాలి, దాని వేళ్లు స్నేహితురాలి వైపు చూడాలి. తన్నే కాలి చీలమండను బిగించి, పాదం లోపలి వైపుతో బంతి మధ్యలో కొట్టాలి. కుడికాలితో ఇరవై, ఎడమకాలితో ఇరవై. అందుకునేవాళ్లు బంతి తగలగానే కాలిని కొంచెం వెనక్కి తీసుకుంటే అది ఎగిరిపోకుండా ఆగుతుంది.

తర్వాత ముగ్గురితో త్రికోణం. పాస్ ఇచ్చేముందు పేరు పెట్టి పిలవాలి. ఊరి పేరుతోనో, భాష పేరుతోనో పిలవకూడదు. ఇచ్చినవాళ్లు అక్కడే నిలబడిపోకుండా కొత్త చోటికి కదలాలి. ఆ పైన నలుగురు చుట్టూ, ఒకరు మధ్యలో. మధ్యలో ఉన్నవాళ్లకు చిక్కకుండా రెండు తాకిళ్లలో బంతిని వదలాలి. బంతి రాకముందే తలెత్తి చుట్టూ చూడడం ఇక్కడే అలవాటవుతుంది.

చివర్లో ఐదుగురేసి ఆట. పది నిమిషాలు ఒకే షరతు: ఐదుగురూ బంతిని తాకాకే గోలు చెల్లుతుంది. బాగా ఆడేవాళ్లు గొణుగుతారు. "ఆ పిల్లకిస్తే పోగొట్టేస్తుంది మేడమ్" అంటారు. అప్పుడు మేం ఒకటే అడుగుతాం: "నువ్వు ఎలా ఇచ్చావు?" చాలాసార్లు ఆ పాస్ మరీ గట్టిగా వచ్చి ఉంటుంది, లేదా ఎదుటి జట్టువాళ్లు మీద పడ్డాక వచ్చి ఉంటుంది. పాస్ చెడితే ముందు ఇచ్చినవాళ్లను అడగండి, తర్వాతే అందుకున్నవాళ్లను. ఆ తర్వాత షరతు తీసేసి మామూలుగా ఆడించండి. అప్పుడు కూడా బంతి ఆ పిల్ల దగ్గరికి వెళ్తోందంటే మీ పాఠం అందినట్టు.

ఒంటరిగా బంతిని తీసుకుపోవడం తప్పని కాదు. గోలు ముందు దారి తెరుచుకుంటే పోనివ్వండి. ఎప్పుడు ఇవ్వాలో, ఎప్పుడు ఉంచుకోవాలో తెలిసేది పాస్ బాగా వచ్చినవాళ్లకే.

'మైదాన్' సినిమా చూసినవాళ్లకు సయ్యద్ అబ్దుల్ రహీం గుర్తుంటారు. హైదరాబాద్ వారు, ఉపాధ్యాయుడు. డ్రిబ్లింగ్ లేని పోటీలు, బలం తక్కువున్న కాలితోనే ఆడే పోటీలు పెట్టి నేర్పారు. ఆయన శిక్షణలో మన జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చుకుంది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. ఇక 2022లో మన దేశంలో జరిగిన అండర్-17 మహిళల ప్రపంచకప్‌లో భారత జట్టు కెప్టెన్ అస్తమ్ ఉరావ్. జార్ఖండ్ గుమ్లా జిల్లాకు చెందిన ఆదివాసీ అమ్మాయి.

ఇదంతా మనకు కొత్త విద్యేం కాదు. థింసాలో ఒకరి నడుం వెనక ఒకరు చేతులు కలిపి అడుగు వేస్తాం. పక్కామె అడుగు చూడకుండా ఒక్కరు తొందరపడితే వరస తెగిపోతుంది. కొత్తగా వచ్చిన పిల్లను మధ్యలో నిలబెట్టి, ఇటూ అటూ తెలిసినవాళ్లు పట్టుకుని నేర్పుతారు. మైదానంలోనూ అదే చేయండి.

ఈ సెలవుల్లో మీ ఊళ్లో పదిమంది పిల్లల్ని పోగు చేయండి. గంటసేపు ఆడించండి. ఆట అయ్యాక ఎవరెన్ని గోల్స్ కొట్టారని అడగకండి. ఈ రోజు ఎవరికి బంతి అందలేదో అడగండి. రేపటి ఆట ఆ పిల్ల పాస్‌తో మొదలుపెట్టండి.