ఇంజన్ మారితే జట్టు రాత మారుతుంది

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"ఇంజనీరువి కదా, పిల్లలకు ఇంజన్ల గురించి నాలుగు మాటలు చెప్పు" అని సంఘం వారు అడిగారు. నేను రేసు కార్ల కథ ఎంచుకున్నాను. లంబసింగి చలిలో రేసు కార్ల గోలేమిటి అనుకోకండి. ఆ కథకు మన ఘాట్ రోడ్డుతో సంబంధం ఉంది.

మనం సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తులో ఉన్నాం. విశాఖ తీరంతో పోలిస్తే ఇక్కడ గాలి పది శాతం దాకా పలచన. గాలి తగ్గితే ఇంజన్‌లో మండేదీ తగ్గుతుంది. అందుకే టర్బో లేని పాత జీపు నర్సీపట్నం నుంచి పైకి వస్తూ రొప్పేది. డ్రైవరు అదే, రోడ్డు అదే. తేడా అంతా ఇంజన్‌లో ఉంది. రేసు జట్ల సంగతీ ఇంతే.

ఫార్ములా వన్‌లో 2010 నుంచి 2013 దాకా రెనో ఇంజన్‌తో రెడ్ బుల్ జట్టు వరుసగా నాలుగు టైటిళ్లు గెలిచింది. 2014లో నిబంధన మారింది. 2.4 లీటర్ల వీ8 ఇంజన్ పోయి, 1.6 లీటర్ల వీ6 టర్బో హైబ్రిడ్ వచ్చింది. మెర్సిడెస్ వాళ్లు టర్బోను రెండు భాగాలుగా విడదీశారు. కంప్రెసర్‌ను ఇంజన్‌కు ముందు, టర్బైన్‌ను వెనుక పెట్టారు. 2014 నుంచి 2021 దాకా ఎనిమిదేళ్లు జట్టు టైటిల్ వాళ్లదే.

అదే కాలంలో మెక్‌లారెన్ 2015లో హోండా ఇంజన్‌కు మారింది. సన్నటి బాడీలో పట్టేలా ఇంజన్‌ను ఇరుకుగా చేశారు. కారు పదేపదే మొరాయించింది. 2015లోనూ, 2017లోనూ ఆ జట్టు తొమ్మిదో స్థానంలో మిగిలింది. ఇద్దరూ విడిపోయారు. హోండా మాత్రం పని ఆపలేదు. 2018లో టోరో రోసోతో, 2019 నుంచి రెడ్ బుల్‌తో కలిసి దిద్దుకుంటూ వచ్చింది. 2021లో మాక్స్ వెర్‌స్టాపెన్ ఆ ఇంజన్‌తోనే ఛాంపియన్ అయ్యాడు. ఒకసారి ఓడిన ఇంజన్ ఎప్పటికీ ఓడిపోయినట్టు కాదు. కానీ కోలుకోవడానికి ఏళ్లు పడతాయి.

ఇక మన దగ్గరి కథ. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పోటీ జరిగింది. ఈ పోటీ మన దేశానికి రావడం అదే మొదటిసారి. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. అవి పూర్తిగా కరెంటు కార్లు. ఆ ఏడాది వచ్చిన కొత్త తరం కారుకు వెనుక చక్రాలకు మామూలు బ్రేకులే లేవు. వేగం తగ్గించే పని మోటారే చేసి, ఆ శక్తిని తిరిగి బ్యాటరీకి పంపుతుంది. మన డ్రైవర్లు ఘాట్ దిగుతూ గేరు తగ్గించి ఇంజన్‌తోనే బండిని పట్టి ఉంచుతారు కదా, అలాంటిదే. కాకపోతే అక్కడ ఆ శక్తి వృథా పోదు. పిల్లలూ, లెక్క వేసుకోండి: రెండు టన్నుల బండి 800 మీటర్ల ఎత్తు దిగితే నాలుగు యూనిట్ల కరెంటుకు పైగా శక్తి విడుదలవుతుంది. అందులో కొంత పట్టుకున్నా లాభమే.

ఆ పోటీలో మన దేశపు మహీంద్రా జట్టు ఉంది. ఫార్ములా ఈ మొదటి సీజన్ నుంచీ ఉన్న జట్టు అది. కానీ కొత్త తరం కారుకు తయారుచేసిన మోటారు వ్యవస్థ ఆ ఏడాది వెనకబడింది. అదే వ్యవస్థను తీసుకున్న ఆబ్ట్ కుప్రా కూడా వెనకబడింది. మొత్తం పదకొండు జట్లలో చివరి రెండు స్థానాలు వీళ్లవే. హార్డ్‌వేర్‌ను ఒకసారి ఆమోదింపజేసుకున్నాక రెండు సీజన్లు మార్చకూడదని నిబంధన. సాఫ్ట్‌వేర్ మాత్రమే దిద్దుకోవచ్చు. అంటే డ్రాయింగ్ బల్ల మీద చేసిన పొరపాటుకు రెండేళ్ల శిక్ష. 2024-25లో కొత్త డిజైన్‌కు అవకాశం రాగానే మహీంద్రా నాలుగో స్థానానికి లేచింది.

ఇంకో విశేషం. 2023లో జట్టు టైటిల్ ఎన్విజన్‌ది. వాళ్లు వాడింది జాగ్వార్ తయారుచేసిన వ్యవస్థ. ఆ జాగ్వార్‌నే ఓడించారు. కాబట్టి మంచి ఇంజన్ ఉంటే చాలదు, దాన్ని వాడుకునే చేయి కూడా కావాలి.

ఇప్పుడు నా సొంత పొరపాటు ఒకటి చెబుతాను. బీఎస్-5ను వదిలేసి 2020 ఏప్రిల్ 1 నుంచి నేరుగా బీఎస్-6 అమలు చేస్తామని ప్రభుత్వం 2016లోనే చెప్పింది. అప్పుడు నేను పనిచేసే చోట పాత డీజిల్ ఇంజన్‌నే మార్చి నెట్టుకొద్దామని వాదించినవాళ్లలో నేనొకణ్ని. ఏళ్ల తరబడి దాని మీదే పనిచేశాను, దాని మీద మమకారం. రెండేళ్లు పోగొట్టాం. చివరికి ఆ ఇంజన్‌ను పక్కన పెట్టక తప్పలేదు. నా ఉద్యోగం నిలిచింది. ఆ ఇంజన్ పని తప్ప వేరే పని రాని కొందరు కుర్రాళ్లది నిలవలేదు. ఆ సంగతి ఈనాటికీ నన్ను వదల్లేదు.

అందుకే ఈ మాటలన్నీ చెబుతున్నాను. మన ఊళ్లలో బండ్లు బాగుచేసే పిల్లలు చప్పుడు వినే ఇంజన్ జబ్బు పట్టేస్తారు. అది చిన్న విద్య కాదు. కానీ కరెంటు బండిలో ఆ చప్పుడు లేదు. అక్కడ మీటరు పెట్టి చూడాలి, సర్క్యూట్ అర్థం కావాలి. కరెంటు బండ్లు ఈ ఘాట్ ఎక్కి వచ్చే రోజు దూరం లేదు. అప్పటికి మన పిల్లలు సిద్ధంగా ఉండాలి. లేకపోతే వాటిని బాగుచేయడానికి కింద నుంచి ఎవరో వస్తారు, మనవాళ్లు చూస్తూ నిలబడతారు.

స్వర్ణోత్సవ నిధితో ముఖద్వారం కట్టాలని కొందరు మిత్రులు అనుకుంటున్నారు. కాదనను. దాంతోపాటు సైన్స్ గదికి పాత కరెంటు స్కూటర్ మోటారు, దాని కంట్రోలర్, 48 వోల్టుల బ్యాటరీ, నాలుగు మల్టీమీటర్లు కూడా కొందాం. మాస్టారి పర్యవేక్షణలో పిల్లలు విప్పి, బిగించి నేర్చుకుంటారు. ఏటా సెలవుల్లో వారం రోజులు వచ్చి నేర్పే బాధ్యత నాది. ఈ మాట గురువుల ముందు ఇస్తున్నాను కాబట్టి తప్పించుకోలేను.