జరిమానా కట్టలేకపోతే జైలా?

(వాడ సభలో చేసిన ప్రసంగం)



కోర్టు మెట్లెక్కినవాళ్లు ఇక్కడ చాలామందే వున్నారు. జడ్జిగారి తీర్పులో ఆఖర్న వొక ముక్క వుంటుంది: అయిదు వేలు జరిమానా, కట్టని పక్షంలో రెండు నెలల సాధారణ ఖైదు. ఆసామి కొడుకైతే ఆ ముక్క విననే వినడు. జేబులోంచి తీసి కట్టేసి, బైటికొచ్చి టీ తాగుతాడు. మనవాడికి అసలు శిక్ష ఆ ఆఖరి ముక్కలోనే వుంది. నేరం ఒకటే, సెక్షను ఒకటే, జడ్జీ ఒక్కడే. ఒకడు ఇంటికి, ఒకడు జైలుకి. ఇద్దరికీ ఒకే శిక్ష వేశామంటే మనం ఒప్పుకోవద్దు.

ఇది ఇవాళ పుట్టింది కాదు. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలో దండుగ కట్టలేనివాళ్ల సంగతి వుంది. క్షత్రియులు, వైశ్యులు, శూద్రులు కట్టలేకపోతే చాకిరీ చేసి తీర్చాలంట. బ్రాహ్మణుడైతే కొంచెం కొంచెంగా ఇచ్చుకోవచ్చంట. మన పేరు ఆ శ్లోకంలో లేనే లేదు. 1927 డిసెంబరు 25న మహద్‌లో బాబాసాహెబ్ నాయకత్వాన ఆ పుస్తకాన్ని తగలబెట్టారు. కానీ పైవాడికి వాయిదా, కిందివాడికి వొళ్లు అనే లెక్క ఇంకా నడుస్తూనే వుంది.

1860 నాటి ఇంగ్లీషువాళ్ల శిక్షాస్మృతిలో, జరిమానా ఒక్కటే శిక్షగా వున్న నేరాలకు కూడా, అది కట్టకపోతే ఆరు నెలల దాకా జైలు పెట్టారు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. బానిస చట్టాలు పోయాయన్నారు. దాని 8వ సెక్షను చూడండి. అదే నేరాలకు, జరిమానా అయిదు వేల దాకా వుంటే రెండు నెలల దాకా, పది వేల దాకా వుంటే నాలుగు నెలల దాకా, ఆ పైన ఏడాది దాకా జైలు. ఆరు నెలలు ఏడాదయింది! 2025-26లో మన రెండు రాష్ట్రాల్లో ఉపాధి హామీ కూలి రోజుకి 307 రూపాయలు. పది వేలు కూడాలంటే 33 రోజులు మెతుకు ముట్టకుండా పని చెయ్యాలి. అదీ పని దొరికితే.

జైలు, జరిమానా రెండూ పడి, జరిమానా కట్టలేనివాడు శిక్ష అయిపోయాక కూడా లోపలే వుండాలి. తీర్పుకి ముందు రిమాండులో గడిపిన రోజుల్ని అసలు శిక్షలోంచి తీసేస్తారు, జరిమానా ఖైదులోంచి మాత్రం తియ్యరు. చట్టంలోనే అట్లా రాసుకున్నారు.

జైలు భయం లేకపోతే ఎవడు కడతాడు అని ప్లీడర్లు అడుగుతారు. వున్నవాడి దగ్గర రాబట్టడానికి జప్తు వుంది, కలెక్టరు ద్వారా శిస్తు బకాయిలాగా వసూలు చేసే దారి వుంది. లేనివాణ్ణి లోపలేస్తే డబ్బెక్కణ్ణించి రాలుతుంది? వాడి కూలి పోతుంది. ఇంటామె వడ్డీకి తెస్తుంది. ఆ అప్పుకింద పిల్లోడు ఎవరి దొడ్లోనో జీతానికి కుదురుతాడు. 1980లో జాలీ జార్జి వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు జడ్జి కృష్ణయ్యర్ గారు చెప్పారు: మోసమేమీ లేకుండా, బీదతనం వల్ల బ్యాంకు బాకీ తీర్చలేనివాణ్ణి జైల్లో పెట్టడం రాజ్యాంగం 21వ అధికరణానికి విరుద్ధమని. బ్యాంకు బాకీకి కూడని జైలు సర్కారు బాకీకి ఎట్లా కుదిరింది?

జరిమానాకి బదులు సమాజ సేవ చేయించవచ్చు కదా అనే పెద్దమనుషులూ వున్నారు. తరతరాలుగా ఊరి వీధులు ఊడ్చినవాళ్లెవరు, గొడ్లు మోసినవాళ్లెవరు? మనువు చెప్పిన చాకిరీయే కదా అది! మనకొద్దు.

మేం కోరేదొకటే. ఎగ్గొట్టేవాణ్ణీ లేనివాణ్ణీ ఒకే గాటన కట్టొద్దు. స్తోమత విచారించకుండా ఖైదు రాయొద్దు. లేదని తేలినవాడికి ఆ ఖైదే వుండకూడదు. దీనికి చట్టం మారాలి. ఓట్లకొచ్చే ప్రతివాణ్ణీ వాడలో నిలబెట్టి అడగాలి.

అందాకా చేతిలో వున్నవి వాడుకుందాం. శిక్ష జరిమానా ఒక్కటే అయితే, నాగరిక సురక్షా సంహిత 464వ సెక్షను కింద ముప్పై రోజుల గడువుగానీ, రెండు మూడు వాయిదాలుగానీ కోర్టు ఇవ్వొచ్చు. బాండు రాసివ్వాలి. అడగందే ఇస్తారనుకోవద్దు. లోపలికెళ్లినా కొంత కడితే ఆ మేరకు ఖైదు తగ్గుతుంది. వెయ్యికి నాలుగు నెలలు పడితే, నెల లోపల ఏడు వందల యాభై కడితే నెల తిరగ్గానే వదలాలి. 2023లో కేంద్రం బీద ఖైదీల పథకం పెట్టింది. అప్పటి నిబంధనల్లో జరిమానాకి 25 వేల దాకా ఇస్తామన్నారు. కలెక్టరూ జిల్లా న్యాయ సేవా సంస్థ కార్యదర్శీ వుండే కమిటీ తేలుస్తుంది. గంజాయి కేసులకి అది వర్తించదన్నారు. లక్షల జరిమానాలు పడేది ఆ కేసుల్లోనే, మూటలు మోసిన మన్యం కూలీల మీదే.

కోర్టు వాయిదాలున్నవాళ్లు సభ అయ్యాక వెళ్లిపోకండి. కాగితాలు తెచ్చుకోండి. 464 అర్జీ నమూనా రాసి పెట్టాం, ఇక్కడే నింపుదాం. లోపలున్నవాళ్ల పేర్లు, ఏ జైలో, ఎంత జరిమానానో వాళ్ల ఇంటివాళ్లు వచ్చి రాయించండి.