గురుసన్నిధిలో గృహవార్త

(వ్యాసపూర్ణిమ నాడు దేవస్థాన ప్రాంగణమున చేసిన ప్రసంగ పాఠము)



ఆషాఢ పూర్ణిమనాడు శిష్యులు ఫలపుష్పములతో ఆచార్యుని దర్శించి సాష్టాంగ నమస్కారము చేయుదురు. "అందరూ కుశలమేనా?" అని గురువు అడుగుదురు. "అంతా తమ దయ" అని శిష్యుడు లేచును. అంతటితో సంభాషణ ముగియును. జపసంఖ్య చెప్పవచ్చును, చేసిన యాత్రలు చెప్పవచ్చును గాని, ఇంటి సంగతులతో గురువుగారి కాలము వ్యర్థము చేయరాదని చాలమంది భావన. ఈ మొగమాటము భక్తివలన పుట్టినదే అయినను శాస్త్రసమ్మతము కాదని నా మనవి.

మన తెలుగునాట వేదాధ్యయనపరులలో కృష్ణయజుర్వేద తైత్తిరీయ శాఖవారే అధికులు. ఆ శాఖకు చెందిన తైత్తిరీయోపనిషత్తున శీక్షావల్లి 11వ అనువాకమును చూడండి. వేదము చెప్పి ముగించిన ఆచార్యుడు శిష్యుని ఇంటికి పంపుచు చేసిన అనుశాసనమది. సత్యము పలుకుమని, ధర్మము ఆచరింపుమని చెప్పిన నోటితోనే, ఆచార్యునికి ప్రియమైన ధనము సమర్పించి సంతాన తంతువును తెగనీయకుమని కూడ ఆజ్ఞాపించినాడు. తల్లిని, తండ్రిని, ఆచార్యుని, అతిథిని దైవములుగా చూడుమన్నాడు. ఈ నలుగురిలో ఆచార్యుడొక్కడే గురుకులమున ఉండునది. తక్కిన మువ్వురి సేవ జరుగవలసినది ఇంటనే కదా!

ఇంకొక విశేషము. కర్మ విషయమున గాని, నడవడి విషయమున గాని సందేహము కలిగినచో, అచ్చట విచారశీలురును, కాఠిన్యము లేనివారును, ధర్మకాములును అయిన పెద్దలు ఎట్లు వర్తింతురో అట్లు వర్తింపుమన్నాడు. పాఠము పూర్తియైనను సందేహములు పూర్తి కావని ఆయన ఎరుగును. తమలోని సుచరితములనే అనుసరింపుమని, ఇతరములను కాదని శిష్యునితో చెప్పగలిగిన మహానుభావుని ఎదుట ఇంటి కష్టము దాచవలసిన పని ఏమున్నది?

శ్రీమద్భాగవత దశమస్కంధమున కుచేలోపాఖ్యానము మనకందరకు తెలిసినదే. అటుకుల మాట వచ్చుటకు ముందే శ్రీకృష్ణుడు మిత్రుని పాదములు కడిగి, గురుకులమునుండి మరలిన పిమ్మట అనురూపయైన భార్య లభించినదా అని అడిగినాడు. ఆ వెంటనే సాందీపని ఆశ్రమమును తలచుకొన్నాడు. గురుపత్ని కట్టెలకై పంపగా అడవిలో అకాలవర్షము పట్టుకొన్నది. చీకటిలో దారి తప్పి బాలురు ఒకరి చేయి ఒకరు పట్టుకొని తిరిగినారు. తెల్లవారగానే గురువు స్వయముగా వెదకుచు వచ్చినాడు. వానలో తడిసిన శిష్యులకై అడవి తిరిగిన వానికి, ఆ శిష్యుని ఇంటి వార్త అల్పమగునా?

నేనెరిగిన గృహస్థు ఒకరు కలరు. చిన్ననాట ఒక ఆచార్యుని వద్ద ఉపనిషత్తులు చదువుకొని, పిదప ఉద్యోగరీత్యా పట్టణము చేరినారు. ప్రతి వ్యాసపూర్ణిమకు తప్పక వచ్చెడివారు. ఒక ఏడు ఆయన తల్లికి మతిమరపు ముదిరి కన్నకొడుకునే గుర్తింపలేని స్థితి వచ్చినది. ఆ సంగతి దాచక చెప్పి, "కోడలి గొంతు వింటేనే నోరు తెరుస్తున్నదండీ, ఇంకెవరు పెట్టినా తినడం లేదు" అన్నారు. ఆచార్యులు స్తోత్రమేదియు చెప్పలేదు.

"ఆ అమ్మాయి పుట్టింటికి వెళ్ళి ఎన్నాళ్ళయింది నాయనా?" అని అడిగినారు.

రెండేళ్ళు దాటినదని చెప్పగా, "శ్రావణంలో పంపించు. ఆ పది రోజులూ అన్నం నువ్వే కలిపి పెట్టు. తినకపోతే మళ్ళీ పెట్టు. నేను చెప్పిన పాఠంలో నీకు ఇది ఇంకా మిగిలి ఉంది" అన్నారు.

మొదటి రెండు దినములు ఆ తల్లి ముద్ద ముట్టలేదట. మూడవనాటి సాయంకాలము ఆయన, భార్య పిలిచే విధముగనే, "అత్తయ్యా" అని పిలువగా నోరు తెరచినదట. కొడుకు తల్లిని అత్తయ్యా అని పిలుచుట ఏ శాస్త్రమున ఉన్నదని నన్ను అడుగకండి!

మరుసటి పూర్ణిమకు ఆ తల్లి లేదు. దంపతులిద్దరు వచ్చి ఆ వార్తనే మొదట చెప్పినారు. ఆచార్యులు పండ్లపళ్ళెము అందుకొనక మునుపే ఆ ఇల్లాలిని కూర్చుండుమని, అత్తగారి కడపటి దినముల సంగతి ఆమె నోటనే చాలసేపు విన్నారు.

స్వస్తి.