గాయపడినవారి ఓర్పు - మన బాధ్యత

(సమాఖ్య ప్రతినిధుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



వేతనాలు, ఖాళీల భర్తీ, పింఛను గురించి ఉదయం నుండి చర్చించుకున్నాం. మన తీర్మానాలలో ఎప్పుడూ చివరి వాక్యంగా మిగిలిపోయే విషయాన్ని ఇప్పుడు మీ ముందుంచుతున్నాం. "మతోన్మాదాన్ని ఖండిస్తున్నాం" అని వ్రాసి ఊరుకోవడం మనకు అలవాటయింది. అది చాలదని ఆసన్‌సోల్ అనుభవం చెబుతున్నది.

పశ్చిమ బెంగాల్‌లోని ఆసన్‌సోల్ రైల్వే పట్టణం. తూర్పు రైల్వేలో ఒక డివిజను కేంద్రం. పట్టాలకు ఆవలనున్న పేటకు రైల్‌పార్ అనే పేరు. 2018 మార్చిలో శ్రీరామనవమి ఊరేగింపుల సందర్భంగా అక్కడ అల్లర్లు చెలరేగాయి. నూరానీ మసీదు ఇమాం మౌలానా ఇమ్దాదుల్ రషీదీ గారి కుమారుడు, పదవ తరగతి పరీక్షలు వ్రాసిన 16 ఏండ్ల బాలుడు, హత్యకు గురయ్యాడు. అంత్యక్రియలకు వేలాదిమంది వచ్చారు. యువకులు ఆగ్రహంతో ఊగిపోతున్నారు. ప్రతీకారానికి ఎవరు దిగినా మసీదునూ ఊరినీ విడిచి వెళ్లిపోతానని ఆ తండ్రి వారికి స్పష్టం చేశారు. జనం శాంతించారు.

దేశమంతా ఆయనను కీర్తించింది. మనమూ కీర్తించాం. కాని బిడ్డను పోగొట్టుకున్న మనిషే ఊరిని కాపాడవలసి రావడం తక్కిన మనకు గౌరవమా? దాడి జరిగిన ప్రతిసారీ శాంతిని బోధించవలసినది ముస్లింలే. దేశభక్తిని రుజువు చేసుకోవలసినది వారే. ఎక్కడో ఎవరో చేసిన నేరానికి సంజాయిషీ చెప్పవలసినదీ వారే. ఒకరి తప్పుకు సెక్షను మొత్తానికి ఇంక్రిమెంటు ఆపితే మన సంఘం సహిస్తుందా? ఇక్కడ ఎందుకు సహిస్తున్నాం?

ముస్లింలను ప్రభుత్వాలు నెత్తిన పెట్టుకున్నాయన్న మాట మన సభ్యుల నోటనే వింటున్నాం. దీనికి సమాధానం మన శాఖలోనే ఉన్నది. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభాలో ముస్లింలు 13.4 శాతం. 2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదిక ప్రకారం రైల్వే ఉద్యోగులలో వారు 4.5 శాతం మాత్రమే. ఆ కొద్దిమందిలోనూ 98.7 శాతం దిగువ స్థాయి ఉద్యోగాలలోనే ఉన్నట్లు ఆ కమిటీ తేల్చింది. నెత్తిన పెట్టుకున్నవారి స్థితి ఇదేనా?

కాబట్టి ప్రతి బ్రాంచికి మూడు పనులు అప్పగిస్తున్నాం. రన్నింగ్ రూములోగాని, సార్టింగు హాలులోగాని, చేతిలోని ఫోనులోగాని వదంతి వినిపిస్తే, నిజానిజాలు తేలేవరకు దానిని మరొకరికి చేరవేయరాదు. ప్రతి గడపనూ ఎరిగిన పోస్టుమాన్ సోదరుడు తన బీటులో తాను చూచిన నిజాన్ని ధైర్యంగా చెప్పాలి. అపోహలకు జవాబు చెప్పే భారాన్ని ముస్లిం సభ్యుని మీదనే వదలరాదు. ప్రక్కన కూర్చున్న వాడే ముందుగా మాట్లాడాలి. ఊరిలో ఉద్రిక్తత ఏర్పడిన రోజున బ్రాంచి కార్యదర్శి భయంలో ఉన్న సహోద్యోగి ఇంటికి మొదట వెళ్లాలి. అతనిని డ్యూటీకి తోడ్కొనిపోయి, తిరిగి ఇల్లు చేర్చాలి.

ఇవి దానధర్మాలు కావు. 1974 మేలో ఇరవై రోజులు రైళ్లు ఆపిన కార్మికుడు ప్రక్కవాని మతం అడిగి సమ్మెలో నిలువలేదు. నేడు అడగడం మొదలుపెడితే రేపటి సమ్మెకు మనం మిగలం.

మౌలానా తన వంతు నెరవేర్చారు. మన వంతు మిగిలి ఉన్నది.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!