కరువు సీమలో మాస్లో: ఆకలి, ఆదరణ, ఆత్మగౌరవం

ఎవరి జ్ఞాపకార్థం ఈ సభ జరుగుతోందో ఆ మాస్టారు కరువు పల్లెల బడుల్లోనే జీవితం గడిపారు. మనిషిని నడిపించేది ఏమిటన్న ప్రశ్నను ఆయన వదల్లేదు. ఆ ప్రశ్నకే జీవితాన్ని ధారపోసిన అబ్రహాం మాస్లో గురించి ఈ రోజు మాట్లాడతాను.

మాస్లో 1908లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో, రష్యా నుంచి వలస వచ్చిన పేద యూదు కుటుంబంలో పుట్టాడు. ఏడుగురు పిల్లల్లో పెద్దవాడు. ఒంటరి బాల్యానికి గ్రంథాలయమే తోడయింది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హ్యారీ హార్లో దగ్గర కోతుల ప్రవర్తన మీద పరిశోధించి 1934లో డాక్టరేట్ అందుకున్నాడు. ఆనాటి మనస్తత్వ శాస్త్రం ఒకవైపు రోగులనూ మరోవైపు ప్రయోగశాల జంతువులనూ పరిశీలిస్తుంటే, నిండుగా ఎదిగిన మనుషులను కూడా చూడాలని ఆయన పట్టుబట్టాడు. మానవతావాద మనస్తత్వ శాస్త్రానికి అలా దారి పడింది. 1970లో 62వ ఏట కన్నుమూశాడు.

1943లో వెలువడిన ఆయన వ్యాసం మనిషి అవసరాలను ఐదుగా చెప్పింది: తిండీ నీళ్ల వంటి శారీరక అవసరాలు, భద్రత, ప్రేమ, గౌరవం, తనలోని శక్తి పూర్తిగా వికసించడం. బి.ఎడ్. పుస్తకాల్లో వీటిని పిరమిడ్‌గా గీసి చూపిస్తారు. ఆ బొమ్మ మాస్లో గీసింది కాదు. ఒక అవసరం నూటికి నూరు పాళ్లు తీరాకే తర్వాతిది మొదలవుతుందని ఆయన అనలేదు. మామూలు మనిషికి శారీరక అవసరాలు 85 శాతం, భద్రత 70, ప్రేమ 50, గౌరవం 40, స్వీయ వికాసం 10 శాతం తీరి ఉండవచ్చని ఉదాహరణకు అంకెలు వేసి చూపాడు. అంటే ఐదూ ఒకేసారి మనిషిలో మెదులుతూనే ఉంటాయి. కొందరిలో వరుస తారుమారవుతుందనీ ఒప్పుకున్నాడు. బనగానపల్లెలో పశువులు కాస్తూ కాలజ్ఞానం రాశాడని మనం చెప్పుకునే వీరబ్రహ్మం ఉన్న నేలకు ఈ మాట కొత్త కాదు.

పిరమిడ్‌ను అక్షరాలా నమ్మితే పాలకుడికి ఒక సాకు దొరుకుతుంది: ముందు కడుపు, మర్యాద తర్వాత. మాస్లో పుట్టకముందే మన రాయలసీమ దాని ఫలితం చూసింది. 1876-78 నాటి ధాత కరువులో బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ కరువు పనులకు కూలి కుదించాడు. రోజంతా రాళ్లు కొట్టి మట్టి మోసిన మగవాడికి ఒక పౌను ధాన్యం, ఒక అణా. ఇంతకంటే ఎక్కువిస్తే జనం సోమరులవుతారన్న భయం ఆ లెక్క వెనక ఉంది. ఈ తిండితో మనుషులు బతకరని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ గట్టిగా ఎదిరించాక కూలి పెంచారు. మనిషి మీద నమ్మకం లేని చోట అన్నం కూడా కొలతకు తగ్గుతుందని నేను దీన్నుంచి నేర్చుకున్నాను.

దానికి పదేళ్ల ముందు, 1866 కరువులో, ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి వేలమందికి అన్నం పెట్టాడు. విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. జనం మాత్రం పాటలు కట్టి పాడుకున్నారు. ఆకలి తీరిన మనిషి ఆదరణను గుర్తుపెట్టుకున్నాడు. 1938లో కెనడాలోని బ్లాక్‌ఫుట్ ఆదివాసుల మధ్య గడిపినప్పుడు మాస్లోకూ ఇదే కనిపించింది. అక్కడ ఎక్కువ పంచిపెట్టినవాడే పెద్దమనిషి.

ఇక మన రోజులకు వద్దాం. పంట చేతికి రాని ఏడాది కోసిగి, ఆదోని, మంత్రాలయం వైపు పల్లెలు సుగ్గికి పోతాయి. మూటాముల్లె సర్దుకుని గుంటూరు వైపు మిరపకోతలకు బయల్దేరతాయి. ఇళ్లకు తాళాలు పడతాయి. బడిలో మధ్యాహ్న భోజనం వేడిగానే ఉంటుంది, హాజరు పట్టీలో మాత్రం సున్నాలు పెరుగుతాయి. అమ్మ పొలంలో కాయలు కోస్తుంటే పదేళ్ల పిల్ల గట్టు మీద చంటి తమ్ముణ్ణి ఎత్తుకుని ఉంటుంది. ఆ పిల్లకు బడిలో అన్నం ఉంది. అమ్మ లేదు. భద్రత, ప్రేమ అన్నం కంటే చిన్నవని అనుకునేవారు ఆ పిల్ల ఎందుకు వెళ్లిందో చెప్పలేరు.

అందుకే వలస పిల్లల సీజనల్ హాస్టల్‌ను పడకల లెక్కతో సరిపెట్టకండి. తెలిసిన మనిషి అక్కడ ఉండాలి, అమ్మతో ఫోన్లో మాట్లాడే వీలుండాలి. ఉగాదికి తిరిగొచ్చిన పిల్లను వెనక బెంచీకి నెట్టకుండా, పోయిన పాఠాలు కూర్చోబెట్టి చెప్పాలి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పని చోట తాగునీరు, నీడ ఉండాలనీ, కూలి పదిహేను రోజుల్లో అందాలనీ రాసింది. టెంపుల్ కూలి చూసిన నేల మీద అది చిన్న మాట కాదు. అన్నమూ గౌరవమూ ఒకే చేత్తో పెట్టవచ్చని చట్టమే ఒప్పుకుంది. దాన్ని మన బడుల్లో, మన పల్లెల్లో నిజం చేయడమే మాస్టారికి మనం చెల్లించగల నివాళి.