హైదరాబాద్ – బెంగళూరు ఫ్లైట్ గంటంబావేనా? లెక్క ఎక్కడ తప్పుతుందంటే

ఈసారి వీడియో పలమనేరులో మా మిద్దె మీద నుంచి. గాలి సౌండ్ వస్తే కొంచెం అడ్జస్ట్ అవ్వండి.

హైదరాబాద్ నుంచి బెంగళూరుకి ఎంత దూరం? రోడ్డు మీదయితే దాదాపు 570 కిలోమీటర్లు. శంషాబాద్ నుంచి దేవనహళ్లి ఎయిర్‌పోర్టుకి మ్యాపులో నేరుగా గీత గీస్తే 455 దగ్గర వస్తుంది. జెట్ విమానం పైన గంటకి 800 కిలోమీటర్లు పోతుంది కదా, భాగిస్తే 34 నిమిషాలు. మరి టికెట్ మీద గంటంబావు ఎందుకుంటుంది?

ఆ టైం గాల్లో ఉండేది మాత్రమే కాదు. ఇక్కడ విమానం నిలబడిన చోటు నుంచి కదిలినప్పుడు మొదలై, అక్కడ మళ్ళీ ఆగేదాకా లెక్క. బ్లాక్ టైం అంటారు. రన్‌వే దాకా పోవడం, వరుసలో ఆగడం, పైకెక్కడం, దిగేముందు చుట్టు తిరగడం అన్నీ అందులోనే. ఇంత చిన్న దూరంలో ఫుల్ స్పీడ్‌లో పోయేది కాసేపే. మన మొగిలి ఘాట్‌లో బస్సు టాప్ గేరులో ఎంతసేపు పోతుంది? అట్లాగే.

ఈ లెక్క నాకు ఇంజినీరింగ్‌లో ఎవరూ చెప్పలేదు. నేను హైదరాబాద్‌లో జాబ్ చేసేటప్పుడు ఒకరోజు రాత్రి 9కి అమ్మ ఫోన్ చేసింది. "తాతకి బాగలేదురా, బయల్దేరు" అనింది. 10 గంటల బస్సుంది, పదకొండున్నర గంటల ప్రయాణం. బస్సెందుకు, పొద్దున 7కి ఫ్లైట్, గంటంబావులో దిగేస్తా అనుకున్నా.

తెల్లారి 4కి రూం నుంచి బయల్దేరినా. 8:15కి దిగినా. బ్యాగు తీసుకుని బయటికొచ్చేసరికి 8:45. అక్కడి నుంచి కోలారు, ముళబాగిలు మీదుగా మా ఊరికి 130 కిలోమీటర్లకు పైనే. ట్రాఫిక్‌లో మూడు గంటలు పట్టింది. ఇల్లు చేరేసరికి 11:45.

తాత పదింబావుకి పోయినాడు. అప్పటిదాకా గుమ్మం వైపే చూస్తా ఉన్నాడంట. ఆ బస్సు ఎక్కింటే తొమ్మిదిన్నరకి ఊర్లో ఉండేవాణ్ణి. సీట్లు కూడా ఉన్నాయి, యాప్‌లో చూసినా.

బస్సే బెటర్ అని చెప్పడంలేదు. అదే ఫోన్ మధ్యాహ్నం వచ్చుంటే, రూం నుంచి ఇంటిదాకా ఫ్లైట్‌లో ఏడుముక్కాలు గంటలే, ఫ్లైటే గెలిచేది. నేను కూడనిది ఫ్లైట్ బయల్దేరేదాకా కూర్చున్న ఆ రాత్రి.

అందుకే అర్జెంటుగా రావాల్సొస్తే ఫ్లైట్ టైం చూడొద్దు. ఇప్పుడు బయల్దేరితే ఇంటి గడప ఎన్నింటికి తొక్కుతామో అది చూడండి. రేణిగుంట కూడా చూసుకోండి, పలమనేరుకి అదీ దాదాపు ఇంతే దూరం. మదనపల్లె వాళ్ళకయితే దేవనహళ్లి కొంచెం దగ్గర, చింతామణి మీదుగా వచ్చేయొచ్చు. క్యాబ్ మాత్రం ఎక్కేముందే మాట్లాడి పెట్టుకోండి. రాష్ట్రం దాటి రావాలంటే అందరూ ఒప్పుకోరు, నాకు ఆరోజు అక్కడే పది నిమిషాలు పోయింది.