పాత ఫారం, కొత్త జిల్లా
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీరిచ్చే డబ్బు పిల్లల చేతికి చేరేముందు ఒక కాగితం దాటాలి. అదే మన విద్యార్థి వేతనం దరఖాస్తు. ఎప్పుడో చేయించిన ఆ ఫారానికి జిరాక్సు మీద జిరాక్సు తీసి వాడుతున్నాం. అందులో జిల్లా 'గుంటూరు' అని అచ్చయి ఉంది. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడింది. బాపట్ల, రేపల్లె అందులోకి వెళ్లాయి, తెనాలి గుంటూరులోనే ఉంది. అప్పటినుంచి ఆ రెండు ఊళ్ల పిల్లలు అచ్చు కొట్టేసి పక్కన పెన్నుతో రాస్తున్నారు.

డి.టి.పి. చేసినవారి దగ్గర పాత ఫైలు దొరికింది గానీ అది అను ఫాంటులో ఉంది. ఆ ఫాంటు లేని నా కంప్యూటర్‌లో తెలుగు బదులు ఏవో పిచ్చి గుర్తులు కనిపించాయి. సరే, కాగితాన్నే స్కాన్ చేద్దామనుకున్నాను. స్కాన్ అంటే ఫోటోయే. ఫోటోలో అక్షరం దిద్దలేం. బొమ్మలోంచి అక్షరాలను గుర్తుపట్టి ఇచ్చే పద్ధతిని ఓసీఆర్ అంటారు. ఉన్నవాటిలో శుభ్రమైన ప్రతిని 300 డీపీఐలో స్కాన్ చేసి, గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరిచాను. పైసా ఖర్చు లేదు.

వచ్చింది చూసి మా తొమ్మిదో తరగతి పిల్లలు ఒకటే నవ్వు. వత్తులు కొన్ని ఎగిరిపోయాయి. గడుల గీతలు మాయమై ప్రశ్నలన్నీ కుప్పగా పడ్డాయి. అక్షరాలు దిద్దడానికి అరగంట పట్టింది, గడులు మళ్లీ గీయడానికి ఒక సాయంత్రం. ఖాళీ ఫారాన్నే ఇలా పెట్టాను. పిల్లల ఆధార్, పాస్‌బుక్ కాగితాలు మాత్రం ఎక్కించకూడదు.

చేతిరాతను యంత్రానికి అప్పగించవద్దని ఎందుకంటున్నానో చెబుతాను. నిరుడు రేపల్లె అమ్మాయి ఒకరు ఖాతా నంబరులో రాసిన 1 ని నేనే 7 అనుకుని టైపు చేశాను. డబ్బు వెనక్కి వచ్చింది. ఈలోగా ఫీజు గడువు దాటింది. వాళ్లమ్మ నన్నేమీ అనలేదు, అదే ఇంకా బాధ. కళ్లున్న నేనే పొరబడ్డాను, యంత్రం ఎంత?

అందుకే కొత్త ఫారంలో ఖాతా నంబరుకు అంకెకో గడి పెట్టాను. పేరుకు రెండు వరుసలు: ఒకటి తెలుగులో, ఒకటి ఆధార్‌లో ఉన్నట్టే ఆంగ్లంలో. మన ఇళ్లలో 'షేక్' ఒకచోట ముందుంటుంది, ఒకచోట వెనకుంటుంది కదా! ఇకపై మూడు ఊళ్లలోనూ ఇద్దరు కూర్చుని, ఒకరు పాస్‌బుక్ చూసి చదువుతుంటే మరొకరు సరిచూడాలి. దానికి మనుషులు కావాలి, డబ్బు కాదు.

కొత్త ఫారం ద్వారం దగ్గర బల్ల మీద ఉంది. వెళ్లేముందు చదివి, తప్పు కనిపిస్తే పెన్సిల్‌తో గుర్తు పెట్టండి.